ముళ్ళపంది చేతులు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అత్తగారు. లేవగానే పాలు పొయ్యి మీద పెట్టి, వీధి తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో లాగి చూసి, కాస్త వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి వేళ్ళ కణుపులతో తలుపును నొక్కి చూసి, అప్పుడు గాని మొహం కడుక్కోదు. రాత్రి ఆ గడియ వేసింది ఆవిడే. తను వేసిన గడియనే నమ్మని మనిషి లోకంలో ఇంకెవర్ని నమ్ముతుంది చెప్పండి. పాలవాడి మీద అనుమానం, కూరలవాడి తూకం మీద అనుమానం, పై అంతస్తు వాళ్ళు తమ చెత్త తెచ్చి వీళ్ళ డబ్బాలో పోస్తున్నారని అనుమానం. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆ చెత్త విషయంలో మాత్రం ఆవిడ అనుమానం నిజమే.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇంట్లో మాటామాటా పెరిగితే చాలు, పనిసంచీ భుజాన వేసుకుని, ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని చెప్పి జారుకునే రకం. మనవరాలు బుజ్జిది ఈమధ్యే బడికి వెళ్తోంది. నానమ్మ చెవి తమ్మె పట్టుకుంటే గాని దానికి నిద్ర రాదు. ఇక కోడలు. కోడలి ఉద్యోగం ఏమిటో బంధువులకు విప్పి చెప్పేసరికి అత్తగారికి నోరు నొప్పి పుట్టేది. టీవీలో పిల్లలకు వచ్చే బొమ్మల కార్యక్రమం ఉంది కదా, అందులో బొమ్మలను కదిలించే పని. బొమ్మకు రూపం ఇచ్చేవాళ్ళు వేరు, గొంతు ఇచ్చేవాళ్ళు వేరు. గొంతు ముందే రికార్డయి వచ్చేస్తుంది. ఈ మాట దగ్గర కనుబొమ్మ ఎంత లేవాలి, ఆ మాట దగ్గర మెడ ఎటు తిరగాలి, నడిచేటప్పుడు బరువు ఏ కాలి మీద పడాలి, అదంతా కోడలు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క భంగిమగా పేర్చాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి బొమ్మ గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తుంది. అంతే.

ఇంతోటి దానికి రోజంతానా అని మొదట్లో అత్తగారు మూతి తిప్పిన మాట నిజం. కానీ కార్యక్రమం అయిపోయాక, పనిచేసినవాళ్ళ పేర్లు తెర మీద పరుగెడతాయి. అందులో కోడలి పేరు రెప్పపాటు కనబడి మాయమవుతుంది. ఆ రెప్పపాటు కోసం ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, పై అంతస్తు టీచరమ్మను కూడా కిందికి పిలిచి కూర్చోబెట్టేది. అదిగో అదిగో అనేలోపలే పేరు వెళ్ళిపోయేది. ఎవరూ చదివిన పాపాన పోలేదు. అయినా ఆవిడకు ఆ పూటంతా కడుపు నిండినట్టుండేది.

అలాగని అత్తాకోడళ్ళు ఒకరి మీద ఒకరు ప్రాణం పెట్టుకుని ఉన్నారనుకునేరు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మొదటి గొడవ రొట్టెపొడి దగ్గరే. కోడలు పొద్దున్నే రొట్టె తినేసి, బల్ల మీద పొడి అలాగే వదిలేసి ఆఫీసుకు పరుగెత్తేది. అత్తగారికి ఒళ్ళు మండేది. అరచేత్తో బల్ల ఊడ్చి, పొడిని రెండో చేతిలోకి దులుపుకుని, స్వెటర్ జేబులో వేసుకునేది. పొడి ఉన్నా లేకపోయినా ఆ చేయి అలా తిరగడం ఎప్పటి అలవాటో ఆవిడకే తెలియదు. నచ్చని మాట ఎవరైనా అడిగితే చాలు, జవాబు చెప్పేముందు చేయి తనంతట తనే బల్ల మీదికి వెళ్ళిపోయేది.

కోడలితో ఎంత గొడవైనా, తను తన అత్తకంటే నయమేనని ఆవిడ సరిపెట్టుకునేది. ఆ అత్త పేరెత్తితే ఇప్పటికీ ఆవిడ మొహం మాడిపోతుంది. భర్త పనిచేసే మిల్లు మూతపడిన రోజుల్లో, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటుంటే, ఆ ముసలావిడ ఓరకంట ఈవిడ వైపే చూసేదట. ఎన్ని రొట్టె ముక్కలు తింటున్నానో చూసేది, తిన్నది ఒంటికి పట్టనిచ్చేది కాదు అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకునేది. ఆ ముసలావిడ పోయాక ఆవిడ చెంచా కూడా ఇంట్లో ఉంచలేదు. ఆవిడ గుర్తు ఒక్కటి కూడా ఈ గడపలో మిగల్లేదని కొంచెం గర్వంగానే అనేది.

ఒక సెలవు రోజు పొద్దున, రొట్టెలు తింటూ అందరూ టీవీ ముందు కూర్చున్నారు. ఒక మేడలో అద్దెకుండే జంతువుల కథ అది. ఆ రోజు మేడ ఓనరమ్మ కొత్తగా దిగింది. ముసలి ముళ్ళపంది, పేరు ముళ్ళమ్మ. ఎవర్నీ నమ్మదు. కుందేలు మెట్లెక్కుతుంటే చెవులు రిక్కిస్తుంది, ఉడత సంచీ తెస్తే వాసన చూస్తుంది. బుజ్జిది పడీపడీ నవ్వింది. అత్తగారు కూడా నవ్వింది. అంతలో ఉడత వచ్చి, నా గది తాళంచెవి మీ దగ్గర ఇంకోటి ఉందా అవ్వా అని అడిగింది. ముళ్ళమ్మ జవాబు చెప్పలేదు. బల్ల మీద అరచేయి ఆనించి, లేని పొడిని మెల్లగా అంచుదాకా ఊడ్చి, రెండో చేతిలోకి దులుపుకుని, కోటు జేబులో వేసుకుంది. అప్పుడు అంది, "ఏ తాళంచెవి?"

కొడుకు పకపకా నవ్వాడు. నవ్వి తల్లి వైపు చూశాడు. తల్లినే చూశాడో, చెంచా కోసం అటు తిరిగాడో ఆ దేవుడికే తెలియాలి. అత్తగారి అరచేయి అప్పటికి బల్ల మీదే ఉంది. వేళ్ళ కింద రొట్టెపొడి ఉంది. ఆ చేతిని ఎవరిదో వస్తువు తీస్తూ పట్టుబడ్డట్టు మెల్లగా వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. కోడలు నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగుతూ, ఈ సీను నేను చేసిందే అని చెప్పింది. ఆ రోజు పేర్లు వచ్చేలోపలే అత్తగారు లేచి టీవీ కట్టేసింది.

అక్కణ్ణుంచి ఆవిడ కళ్ళు ముళ్ళమ్మ మీదే. తరవాతి వారం ముళ్ళమ్మ గడియ లాగి చూసి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి వేళ్ళ కణుపులతో తలుపు నొక్కి చూసింది. ఆ పై వారం, వినబడనట్టు నటించాల్సి వచ్చినప్పుడు కళ్ళజోడు తీసి, చేయి చాపి దూరంగా పట్టుకుని, అద్దాల్లోంచి చూసింది. పాలు ఎవరు పొంగబెట్టారని కొడుకు అడిగినప్పుడల్లా అత్తగారు చేసేది సరిగ్గా ఇదే. ఇంక సందేహం ఏముంది. ఇంటిల్లిపాదీ తనను చూసి నవ్వుకుంటున్నారు, తను ఒక్కతే తెలియక వాళ్ళతో కలిసి నవ్వింది.

దీనికి తోడు టీచరమ్మ ఒకటి. మెట్ల దగ్గర ఎదురై, మీ కోడలు చేసే ముళ్ళమ్మంటే మా ఇంట్లో అందరికీ పిచ్చి ఇష్టం పిన్నిగారూ, ఎక్కడో చూసినట్టే ఉంటుంది అంది. ఎక్కడ చూశావని అత్తగారు ఆరా తీస్తే, ఏమో గుర్తు రావడం లేదు అని నవ్వేసింది. అచ్చం పక్కవాళ్ళ డబ్బాలో చెత్త పోసి వచ్చినవాళ్ళ నవ్వులాగే ఉందని అత్తగారికి అనిపించింది.

కోడలు కొన్ని రోజులు ఇంటి నుంచే పనిచేసేది. గది తలుపు వేసుకునేది. కూర్చుని చేసే పనైతే లోపల్నుంచి ఆ అడుగుల చప్పుడేమిటి? కుర్చీ జరిపిన చప్పుడు, సొరుగు లాగి మూసి మళ్ళీ లాగిన చప్పుడు, తనలో తను గొణుక్కోవడం. ఒకరోజు కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు గది తలుపు ఓరగా ఉంది. అత్తగారు తొంగి చూసింది. చిన్న స్టాండు మీద ఫోను నిలబెట్టి ఉంది. దాని కన్ను నేరుగా తలుపు వైపు, తలుపు అవతల భోజనాల బల్ల వైపు తిరిగి ఉంది. ఆవిడ చప్పున తలుపు దగ్గర్నుంచి వెనక్కి తగ్గింది.

కోపం సంగతి తరవాత, ముందు ఆవిడకు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో తనను తేరిపార చూసినవాళ్ళు ఎవరు? కొడుకు మాట్లాడితే ఫోను చూస్తూ మాట్లాడతాడు. తీరా ఒకరు శ్రద్ధగా చూస్తే, అది నలుగుర్నీ నవ్వించడానికి. ఆ రోజు ఆవిడ వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది.

మర్నాటి నుంచి ఆవిడ తన చేతులను ఎవరికీ కనబడనివ్వలేదు. కూర్చుంటే చేతులు తొడల కింద, నిలబడితే స్వెటర్ జేబుల్లో. గడియ కొడుకును వేయమంది. కళ్ళజోడుకు తాడు కట్టి మెళ్ళో వేసుకుని, తీయడమే మానేసింది. కర్ర మింగినట్టు బిగుసుకుని నడిచేది. బుజ్జిది చెవి పట్టుకుని నిద్రపోతుంటే, దాని వీపు నిమరాల్సిన చేయి కూడా దుప్పటి కిందే ఉండిపోయేది. ఫోను ఏ మూల దాగుందో ఎవరికి తెలుసు.

బల్ల మీద రొట్టెపొడి అలాగే ఉండిపోవడం కోడలు గమనించింది. ముందు తన మీద అలిగారేమో అనుకుని, పోనీలే అని తనే తుడిచింది. తరవాత గడియ సంగతి చూసింది, గిన్నెలు పట్టుకోకపోవడం చూసింది. రోజంతా కదలికలే చూసే మనిషి, అత్తగారి భుజాలు కదలని తీరు ఆమెకు తెలియకుండా ఎలా పోతుంది. చేతులు పట్టు తప్పుతున్నాయేమో, చెబితే అందరూ కంగారుపడతారని దాస్తున్నారేమో అని భయపడింది. అంటే ఆమెకూ అనుమానమే, కాకపోతే ఇంకో రకం. వంటింట్లో భర్తతో గొంతు తగ్గించి చెప్పింది.

"అత్తయ్య ఏదో దాస్తున్నారు. బుజ్జిని ఆవిడకు ఒక్కరికే వదిలి వెళ్ళాలంటే నాకు భయంగా ఉంది. ఒకసారి డాక్టర్‌కి చూపిద్దాం."

గోడ అవతల అత్తగారు ఒక్క అక్షరం పొల్లుపోకుండా వింది. విన్నది మొత్తం నిజమే, అర్థం చేసుకున్నదే వంకర. ముందు నవ్వులపాలు చేశారు. ఇప్పుడు పిల్లను చూసుకోవడానికి కూడా పనికిరానిదాన్నని డాక్టర్ చేత అనిపిస్తారు. ఆ తరవాత ఏం చేస్తారో ఊహించుకోవడానికి ఆవిడకు పెద్దగా శ్రమ పడాల్సిన అవసరం రాలేదు.

డాక్టర్ ముక్కు ముట్టుకోమన్నాడు, వేళ్ళు ముడిచి తెరవమన్నాడు, తన వేళ్ళు ఆవిడ గుప్పిట్లో పెట్టి గట్టిగా నొక్కమన్నాడు. ఆవిడ నొక్కిన నొక్కుడుకు ఆయన చాలమ్మా చాలు అని చేయి విదిలించుకున్నాడు. మీ అమ్మగారు మనిద్దరికంటే గట్టిగా ఉన్నారని కొడుకుతో అన్నాడు. కొడుకు హాయిగా ఊపిరి పీల్చుకుని ఇంటికి తీసుకొచ్చాడు. కోడలు మాత్రం నిజంగా ఏమీ లేదన్నారా, సరిగ్గా చూశారా అని అడిగిందే అడిగింది. పాపం, ఆమె దిగులు ఆమెది. అత్తగారికి మాత్రం ఆ ప్రశ్నల్లో నిరాశ వినిపించింది.

ఆ సాయంత్రమే ఆవిడ కూతురికి ఫోను చేసి, కొన్నాళ్ళు నీ దగ్గర ఉంటానంది. ఏమైందమ్మా అంటే ఏమీ కాలేదంది. కొన్నాళ్ళ కోసం సర్దుకున్న సంచీలో చలికాలం దుప్పటి కూడా ఉంది, దాన్నిబట్టే ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో తెలుస్తుంది. ఆ ఇల్లు విడిచి వెళ్ళాలని ఆవిడకు ఏ కోశానా లేదు. చెవి పట్టుకుని నిద్రపోయే పిల్లను వదిలి ఎక్కడికి వెళ్తుంది? కానీ తనను చూసి నవ్వుకునే ఇంట్లో రోజూ ఎలా తిని, ఎలా తిరుగుతుంది?

పొద్దున బుజ్జిదాన్ని బడి బస్సు ఎక్కించి వచ్చింది. ఎక్కించేముందు దాన్ని కాస్త ఎక్కువసేపే పట్టుకుంది. ఇంట్లోకి వచ్చి సంచీ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. కొడుకు ఆ సంచీని చూశాడు, తల్లి మొహం చూశాడు, మెల్లగా తన పనిసంచీ అందుకున్నాడు.

"ఏ లిఫ్టూ ఆగిపోలేదు. కూర్చో" అంది తల్లి.

కొడుకు కూర్చున్నాడు. కోడలు గదిలోంచి వచ్చి, ఎక్కడికి అత్తయ్యా అని అడిగింది.

"మా అమ్మాయి దగ్గరికి. అక్కడ కెమెరాలు లేవు."

"కెమెరాలేమిటి?"

"తెలియనట్టు అడక్కు. ముళ్ళపందినా నేను?"

కోడలు కంగారుగా భర్త వైపు చూసింది. అత్తగారికి ఇన్నాళ్ళూ బిగబట్టినదంతా ఒక్కసారి బయటపడింది. ఊడ్చే చేయి, గడియ, కళ్ళజోడు, స్టాండు మీద ఫోను, టీచరమ్మ నవ్వు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం, అన్నీ వరసపెట్టి కడిగేసింది. నీ పేరు కనబడే రెప్పపాటు కోసం మేడ మేడంతా పిలిచినదాన్ని నేను, నువ్వు నన్నే తీసుకెళ్ళి పంది ఒంటికి తగిలించావు అంది. అంటున్నప్పుడు గొంతు వణికింది. ఆ వణుకు వాళ్ళకు వినబడినందుకు ఆవిడకు మరింత కోపం వచ్చింది.

"ఒక్క మాట చెప్పు. నన్ను చూసి చేశావా, లేదా?"

"లేదత్తయ్యా."

"మరి ఆ చేయి ఎవరిది?"

"నాది."

అత్తగారు నవ్వింది. ఎదుటివాళ్ళు అబద్ధం మీద అబద్ధం ఆడుతుంటే వచ్చే నవ్వు అది. కోడలికీ పౌరుషం వచ్చింది. మా పనిలో బొమ్మను కదిలించేముందు మేమే ఆ పని చేసి చూసుకుంటాం అత్తయ్యా అని చెప్పుకొచ్చింది. నడక కావాలంటే నడుస్తాం, ఏడుపు కావాలంటే ఏడుస్తాం. ఫోనులో తీసుకుని, అది ముందు పెట్టుకుని బొమ్మకు నేర్పిస్తాం. అందుకే తలుపు వేసుకునేది, ఎవరైనా చూస్తే సిగ్గని. ఆ రోజు తలుపు దగ్గర్నుంచి నడిచి రావడం తీయాలి, అందుకే ఫోను అటు తిరిగి ఉంది. మిమ్మల్ని ఒక్కసారి కూడా తీయలేదు.

"చూపించు" అంది అత్తగారు, నిలబడే.

కోడలు కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. ముళ్ళమ్మ మొదటి సీను కోసం తీసుకున్న వీడియో తెరిచింది. తెర మీద కోడలు కనబడింది. నడుముకు దిండు కట్టుకుని, పైన భర్త కోటు తొడుక్కుని, ముళ్ళమ్మలా మెడ ముందుకు చాపింది. కొడుక్కి నవ్వు ముంచుకొచ్చింది గాని, తల్లి చూపుకు మింగేశాడు. తాళంచెవి మాట అడిగినప్పుడు ఏం చేస్తుందో కోడలు రకరకాలుగా చేసి చూసుకుంటోంది. గడ్డం గీరుకుంది, కళ్ళు గుండ్రంగా తిప్పింది, పైకప్పు వైపు చూసింది. ఏదీ నచ్చక తల అడ్డంగా ఊపింది. అంతలో ఫోను మోగింది. ఆఫీసు ఫోను వేరే ఉంది, దాన్ని తీసి బల్ల దగ్గర కూలబడింది. అవతల డైరెక్టర్ గొంతు. పాత సీను ఇంకా రాలేదేం, ఎప్పటికి ఇస్తావు అని గట్టిగా అడుగుతున్నాడు. దిండుతోనే కూర్చున్న కోడలు జవాబు చెప్పలేదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అరచేయి బల్ల మీదికి వెళ్ళింది. లేని పొడిని అంచుదాకా ఊడ్చింది. రెండో చేతిలోకి దులుపుకుంది. జేబులో వేసుకుంది. అప్పుడు, "రేపిస్తానండీ" అంది.

"చూశారా, ఇది నటన కూడా కాదు" అంది కోడలు. "ఫోను మాట్లాడుతుంటే దానంతటదే వచ్చింది. తరవాత చూసుకుంటే బాగుందనిపించి ముళ్ళమ్మకి పెట్టాను. ఇది ఎక్కడిదని మా డైరెక్టర్ అడిగితే కూడా, ఊరికే వచ్చిందని..."

మాట అక్కడ ఆగిపోయింది. వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. ఇంకోసారి చూసింది. తలెత్తి అత్తగారి చేతుల వైపు చూసింది. ఆ చేతులు ఎప్పుడు జేబుల్లోంచి బయటికి వచ్చాయో ఆవిడకే తెలియదు, కుడి అరచేయి సంచీ పక్కన బల్లను ఊడుస్తోంది.

"గడియ కూడా అంతేగా" అన్నాడు కొడుకు. "నువ్వూ వేళ్ళతో నొక్కి చూస్తావు. ఏళ్ళ తరబడి చూస్తున్నా. అమ్మ దగ్గర నేర్చుకున్నావనుకున్నా."

ఆడవాళ్ళిద్దరూ అతని వైపు తిరిగారు. మరి చెప్పవేం అని తల్లి అడిగింది. గొడవెందుకని అన్నాడు. ఆ ఇంట్లో గొడవలకు సగం కారణం, గొడవెందుకని అతను మింగేసిన మాటలే.

కోడలు కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ముందు పెట్టుకుని, ఇంతకు ముందెప్పుడూ చూడనట్టు చూసుకుంది. ఆమె కళ్ళు నిండాయి.

"నాకు తెలియదత్తయ్యా. నిజంగా నాదే అనుకున్నాను."

అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చుంది. పొడి అంతా బల్ల మీద వదిలేసి ఆఫీసుకు పరుగెత్తే ఆ కొత్త పిల్ల గుర్తొచ్చింది. ఆ చేతికి ఇది ఎవరు నేర్పారు? తను తిట్టిందే గాని నేర్పలేదు. ఈ పిల్ల తనను చూడటమే లేదని ఇన్నాళ్ళూ కుళ్ళుకుంది. దాచుకుని దాచుకుని తిరిగిన చేతులు అప్పటికే ఆ పిల్ల ఒంట్లో ఉన్నాయి. ఆవిడకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందో తేల్చుకోలేక ముక్కు తుడుచుకుంది.

"సరే, నాదే దొంగిలించావు, అదైనా సరిగ్గా దొంగిలించావా?" అంది. "నీ ముళ్ళపంది చేసేది సగమే. జేబులో వేసుకునేముందు ఎదుటివాళ్ళ వైపు ఓసారి చూడాలి. ఇలా."

ఆవిడ చేసి చూపించింది. బల్ల ఊడ్చింది, చేతిలోకి దులుపుకుంది. తల కదపకుండా ఓరకంట కోడలి వైపు చూసింది. చూపు తిప్పుకుని చప్పున జేబులో వేసుకుంది. కోడలు కన్నార్పకుండా చూస్తూ, మీరు ఎప్పుడూ ఇలా చూడరు కదత్తయ్యా అంది.

"నేను చూడను. ఇలా చూసేది..."

ఆవిడ చేయి జేబులోనే ఆగిపోయింది. మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఎవరు?" అంది కోడలు.

"మా అత్త."

అత్తగారే మెల్లగా చెప్పింది, వాళ్ళకు చెబుతున్నట్టు కాదు, తనకు తను చెప్పుకుంటున్నట్టు. మిల్లు మూతపడ్డ రోజులు. అందరికీ రొట్టె ముక్కలు పంచేది ఆ ముసలావిడే. నాకు ఆకలి లేదు, పొద్దున తిన్నాను అనేది. అందరూ తిన్నాక బల్ల ఊడ్చేది. ఊడ్చి, ఓరకంట కోడలిని చూసి, జేబులో వేసుకునేది. సాయంత్రం పెరట్లో గోడ వైపు తిరిగి నిలబడేది. చేయి జేబులోకి వెళ్ళేది, నోటి దగ్గరికి వెళ్ళేది.

"చాటుగా ఏదో తింటోందని మీ నాన్నతో చెప్పాను" అంది కొడుకుతో. "మనకు పెట్టకుండా దాచుకుని తింటోంది మీ అమ్మ అని చెప్పాను. ఆయన వెళ్ళి అడిగాడు కూడా. ఆవిడ ఏమీ అనలేదు. బల్ల దగ్గర కూర్చుని ఇలా ఊడ్చింది."

కోడలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నా ముక్కలు లెక్కపెడుతోందనుకున్నాను. నేను చూస్తున్నానేమోనని చూసేది. ఆకలితో రొట్టెపొడి ఏరుకుంటోందని కోడలికి తెలిస్తే పరువు పోతుందని." ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అంత అనుమానపు మనిషి లేదని ఊరంతా చెప్పుకున్నానే. అనుమానం నాదే."

ఆవిడ జేబులోంచి చేయి తీసింది. అరచేతిలో నిజంగానే కాస్త రొట్టెపొడి ఉంది, ఏ రోజుదో ఏమో. ఆవిడ గుర్తు ఒక్కటి కూడా మిగల్చలేదనుకున్నాను అంటూ ఆ పొడిని చూస్తూ ఏడ్చింది, చాటుకు వెళ్ళకుండా, కుళాయి తిప్పకుండా. కోడలు ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. కొడుకు లేచాడు. ఎక్కడా లిఫ్టు ఆగిపోలేదు, తల్లి సంచీ తీసుకెళ్ళి దుప్పటితో సహా అన్నీ ఎక్కడివక్కడ సర్దేశాడు. ఆ మధ్యాహ్నం బస్సు దిగిన బుజ్జిదాన్ని నానమ్మే ఎత్తుకుని తీసుకొచ్చింది.

కోడలి పనిలో అనుకున్నది టీవీలో కనబడటానికి చాలా నెలలు పడుతుంది. అన్ని నెలలూ గడిచాక ఒక సెలవు రోజు పొద్దున అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని, టీచరమ్మను కిందికి పిలిచింది. తెర మీద ముళ్ళమ్మ తన రొట్టె ఉడత పిల్లలకు పంచి, నాకు ఆకలి లేదంది. బల్ల ఊడ్చింది, చేతిలోకి దులుపుకుంది, ఓరకంట ఒక్కసారి చూసి జేబులో వేసుకుంది. టీచరమ్మ నవ్వింది, బుజ్జిది నవ్వింది. అత్తాకోడళ్ళు మాత్రం నవ్వలేదు.

చివర పేర్లు పరుగెత్తాయి. ఈసారి కొడుకు రిమోట్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, సరిగ్గా ఆపాడు. కోడలి పేరు నిలబడింది. దాని కింద, కృతజ్ఞతలు అన్నచోట, ఇంకో పేరు ఉంది. పాతకాలపు పేరు. టీచరమ్మ కళ్ళు చికిలించి చదివి, ఈవిడెవరు పిన్నిగారూ, ఎప్పుడూ వినలేదే అని అడిగింది.

అత్తగారు వెంటనే జవాబు చెప్పలేదు. బల్ల మీద అరచేయి ఆనించి, ఉన్న కాస్త పొడినీ అంచుదాకా ఊడ్చుకుంది.

"మా అత్తగారు" అంది.